ఎవరి యెముక?

గత వేసవిలో మా పెరటిలోనికి ఒక గొఱ్ఱె తొడయెముక వచ్చి చేరెను. మా యింట మాంసము వండుట లేదు. కావున దాని రాక సామాన్యమైన రాక కాలేదు. మా మేనత్త మూడు దినములు పెరటిగడప దాటలేదు. తులసికోటకు నీళ్లు పోయుటకు సైతము సందువైపునుండి చుట్టి వచ్చెను. దానిని తెచ్చినది వీథికుక్క కాదు, మా తమ్ముని కూతురు. హిందూపురములో మాయొద్దనే యుండి, యంత్రశాస్త్రములో ఇంజనీరింగు మూడవయేడు చదువుచున్న పిల్ల. మాంసపుటంగడిలో నడిగి, కాగితమున చుట్టించి, పుస్తకముల సంచిలోనే పెట్టుకొని వచ్చినది.

"ఎందుకమ్మా యిది?" అని మే మడిగితిమి.

"ప్రాజెక్టుకు, పెదనాయనా. దీన్ని చూసి ఇంకొక ఎముక తయారు చేయాల. చేసి విరగ్గొట్టాల" అనెను.

విఱుగగొట్టుటకే ఒక వస్తువును శ్రద్ధతో చేయుట మాకు వింతగా తోచెను. బజారులో ప్లాస్టిక్కు ఎముకలు దొరకును గదా, వైద్యవిద్యార్థులు కొనుచున్నారు గదా యని మే మనగా, "అవి చూసేటందుకు, విరిచేటందుకు కావు" అని బదులిచ్చెను. ఆ రెండింటి భేదము మాకు బోధపడుటకు వేసవి యంతయు పట్టినది.

చూచుటకైన బొమ్మకు ఆకారముండిన చాలును. పరీక్షకైన బొమ్మ యట్లు కాదు. అది ఎముకవలె వంగవలెను, ఎముకవలె పగులవలెను, మరచీల దిగినపుడు ఎముకవలె దానిని పట్టుకొనవలెను. విఱిగిన తుంటికి వైద్యులు బిగించు లోహపుపట్టీ ఎంత బరువునకు వదులగునో, ఏ చోట మొదట చిట్లునో, రోగి దేహములో బిగించుటకు ముందే తెలియవలెనన్నచో ఆ పట్టీని బిగించి చూచుట కొక యెముక కావలెను. నిజమైన యెముకలతోనే చూడరాదా యని చదువరు లడుగవచ్చును, మేమును అడిగితిమి. చూతురు. కాని ఒక మనుజుని యెముక వలె మఱియొకనిది యుండదు. పదిమంది యెముకలపై పది పట్టీలను పరీక్షించినచో, తేలినది పట్టీలలోని భేదమో ఎముకలలోని భేదమో చెప్పుట కష్టము. పైగా ఎముక యెండినచో గుణము మారును, తడిగా నుంచినచో కుళ్లును.

వీటన్నిటికంటె పెద్ద ప్రశ్న మరొకటి కలదు: ఆ యెముక ఎవరిది? మేము చదువుకొన్న ఉన్నతపాఠశాలలో ఒక అద్దాలబీరువా యుండెడిది. అందులో కొక్కెమునుండి వ్రేలాడు అస్థిపంజరము నిజమైనదే. దాని పుఱ్ఱెకు మా తరగతి పిల్లలు ముద్దుపేరు కూడ పెట్టిరి. అది ఎవరి దేహమని ఆ యైదేండ్లలో ఒక్కరైనను అడిగిన జ్ఞాపకము మాకు లేదు. ఉపాధ్యాయుడు చెప్పను లేదు. ఆ కాలమున ప్రపంచములోని వైద్యపాఠశాలలకు మనుష్యుల యెముకల నెక్కువగా పంపుచుండినది మన దేశమే; కలకత్తా ఆ వర్తకమునకు పెట్టినది పేరు. 1985లో ప్రభుత్వము ఎగుమతిని నిషేధించెను. అట్లు పెట్టెలలో పోయినవి ధనవంతుల యెముకలు కావని వేఱుగ చెప్పనక్కఱలేదు. కట్టెలకు డబ్బులేనివారివి, అడుగువారు లేనివారివి. తమ దేహము నిమ్మని వారిని బ్రతికియుండగా అడిగినవా రెవరు?

కృత్రిమపుటెముక ఆ దోషమును కొంత తీర్చినది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమునందలి వాషన్ ద్వీపములో సాబోన్స్ అను కర్మాగారము కలదు. లోపల పాలీయురిథేన్ నురుగు, పైన గాజునారయు ఎపాక్సీ రెసినును కలిపిన గట్టి పెంకు. అది వారి పరీక్షాస్థికి కూర్పు. ఒకటి విఱిగినచో అచ్చముగా నట్టిదే మఱియొకటి తెప్పించుకొనవచ్చును. ప్రపంచములోని పరిశోధనశాలలు దానినే వాడుచున్నవి. ఆ నురుగునకు అమెరికా ప్రమాణసంస్థ వారి ప్రమాణ మొకటి కలదు. ఈ పదార్థము ఎముకకు ప్రతిరూపము కాదనియు, ఎల్లపు డొకేతీరున నుండు పదార్థము మాత్రమే యనియు ఆ ప్రమాణములోనే చెప్పిరట. ఆ నిజాయితీ మాకు నచ్చినది. కాని మా పిల్ల మఱియొక సంగతి చెప్పెను. ఆ కర్మాగారము వారి ప్రసిద్ధమైన పెద్ద తొడయెముకకు మూలము సుమారు ఆఱడుగుల పొడవుగల పురుషుని యెముక యట.

అప్పు డామె వసారాలో మంచముపై పరుండిన మా తల్లివైపు చూచెను. మేమును చూచితిమి.

మా తల్లి నాలుగడుగుల తొమ్మిదంగుళముల మనిషి. బరువు నలువదిరెండు కిలోలు. ఆమె బ్రతుకంతయు పెనుకొండకు చేరువ నున్న ఒక పల్లెలో గడచెను. మా ప్రాంతమున ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. బావు లెండినకొలది బోర్లు వేసిరి, బోర్లు లోతైనకొలది రాతినుండి కరగిన ఫ్లోరైడు నీటిలో నెక్కువయ్యెను. త్రాగునీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రాము మంచిదనియు, వేఱు నీరు దొరకనిచోట ఒకటిన్నర దాటరాదనియు మన దేశపు ప్రమాణము. మా పల్లెనీటిని ఎవరును చాలకాలము కొలువలేదు. ఈ వ్యాధి మనకు క్రొత్తది కాదు. 1937లోనే నాటి చెన్నపురి రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో దీనిని శార్టు మొదలగు వైద్యులు గుర్తించి ప్రకటించియుండిరి. 1995 ప్రాంతమున సత్యసాయి త్రాగునీటి పథకము అనంతపురము జిల్లాలోని ఏడువందలకు పైబడిన పల్లెలకు నీరు తెచ్చెను. ఆ మేలు చిన్నది కాదు. కాని అప్పటికి మా తల్లి ఏబదియేండ్లకు పైగా నూతినీరును బోరునీరును త్రాగియుండెను. మెడ త్రిప్పలేదు, నడుము వంగినది నిటారు కాదు.

మూడేండ్ల క్రిందట ఆమె గడపలో జాఱి పడెను. తొడయెముక మెడ విఱిగెను. ఇరుగుపొరుగువారు పుత్తూరు కట్టునకు తీసికొనిపొమ్మనిరి. కట్టువిద్యను మేము పరిహసింపము. ముంజేయి విఱిగినవా రెందఱో దానివలన బాగుపడిరి. కాని తుంటిమెడకు పైనుండి కట్టుట యెట్లు? ఒక పట్టణములోని ఆసుపత్రికి తీసికొనిపోతిమి. ఎక్స్‌రే బొమ్మలో ఎముక తెల్లగా, ఒత్తుగా, సున్నముకొట్టిన గోడవలె మెఱయుచుండెను. మాకు ధైర్యము కలిగెను. "ఇంత గట్టి యెముక ఎట్లు విఱిగినది?" అని మే మడుగగా శస్త్రవైద్యుడు తలయూపి, "తెల్లగా ఉన్నంతమాత్రాన గట్టిది కాదండి" అనెను. తొలిచుటకు బరమా దిగదు; దిగినచో అంచులు పెళుసుగా రాలును. ఉన్న మరచీలలో చిన్నవి కూడ ఆమె కెముకకు పెద్దవైనవట. ఆమె మరల నడచినది, కాని కఱ్ఱలేక నడువలేదు. మా పిల్ల ఆ ప్రాజెక్టును ఎందుకు కోరుకొన్నదో అప్పుడు మాకు తెలిసెను.

తెలుపునకును బలమునకును గల యీ వైరమును మేము మొదట నమ్మలేదు. ఆ పిల్ల 1990 నాటి ఒక పరీక్షను గూర్చి చదివి వినిపించెను. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ముట్లుడిగి యెముకలు గుల్లబాఱిన 202 మంది స్త్రీలను తీసికొని, కొందఱికి నాలుగేండ్లు ఫ్లోరైడు నిచ్చి చూచిరి. ఎముక ఒత్తగునని వారి యాశ. ఒత్తయ్యెను, నడుము వెన్నుపూసల సాంద్రత నూటికి 35 పాళ్లు పెరిగెను. కాని వెన్నుపూసలు విఱుగుట గణింపదగినంత తగ్గలేదు. తక్కిన యెముకలు విఱుగుట మిక్కిలి హెచ్చెను. అక్కడ ఔషధమని యెంచి యిచ్చినదానినే మా పల్లెలో బిందెలతో మోసికొని త్రాగితిమి.

ఇక పెరటిలోని పనికి వత్తము. ఎముక యన నేమో తెలియుటకు మా పిల్ల రెండు ప్రక్కటెముకలు తెచ్చి, ఒకదానిని వినిగరులో వారముదినములు నానవేసెను. రెండవదానిని ఇటుకలపొయ్యిలో తెల్లగా కాల్చెను. నానినది త్రాడువలె ముడిపడెను! కాలినది వ్రేలితో నొత్తగనే పిండి యయ్యెను. మొదటిదానిలో ఖనిజము కరగిపోయి నార మిగిలెను. రెండవదానిలో నార కాలిపోయి ఖనిజము మిగిలెను. ఎముక బరువులో ఇంచుమించు మూడింట రెండుపాళ్లు ఆ ఖనిజమే. తక్కినది నారయు నీరును. సున్నమువంటి పెళుసుదానిని నార కట్టి పట్టుచున్నది. ఈ వింత చూచుటకు మేనత్త కూడ కిటికీదాక వచ్చెనని చెప్పకతప్పదు.

గొఱ్ఱెయెముకను ఉడికించి కడిగి, సబ్బునీరు పూసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రెండుచెక్కల అచ్చు తీసితిమి. ఆ యచ్చులో మొదట వట్టి ప్లాస్టరు పోసితిమి. కళాశాలలో బలపరీక్షకు మంచి యంత్రమే కలదు. కాని అది ఇనుమునకును కాంక్రీటునకును గాని ఎముకలకు కాదనియు, తాళముచెవి గలవారు సెలవులో నున్నారనియు చెప్పిరట. అది మాకు మేలే యయ్యెను. రెండు ఇటుకదిమ్మెలపై ఎముకను వంతెనవలె నుంచి, నడుమ త్రాడు కట్టి, బిందె వ్రేలాడదీసి, చెంబుతో నీరు పోయుచు లెక్కించితిమి. ప్లాస్టరుటెముక బిందె సగమైనను నిండకమునుపే రెండు ముక్కలై, నీ రంతయు మా పంచెపై పడెను.

ధర్మవరములో మాకు ఎఱిగిన నేతగాని యింటినుండి తెగిన పట్టుపోగులను తెచ్చి, సోడానీట నుడికించి జిగురు వదలించి, ప్లాస్టరులో కలిపి మరల పోసితిమి. ఈ మాఱు చిట్లుట మునుపటి చెంబుల లెక్కకే చిట్లెను, కాని విడిపోలేదు. పోగులు ఆ పగులును పట్టుకొని, ఎముక మెల్లగా వంగుచు మఱి కొన్ని చెంబుల నోర్చెను. పెళుసు పదార్థమునకు నార చేయు నుపకార మిదియే. హైదరాబాదులో అగ్నిక్షిపణి పనులు జరుగుచున్న కాలమున అబ్దుల్ కలాము గారును నిమ్స్ ఎముకలవైద్యులును కలసి, క్షిపణికై చేసిన నారకలిపిన తేలిక పదార్థముతో పోలియో పిల్లలకు ఊతకాళ్లు చేయించిరి. మూడు కిలోల యినుపకట్టు మున్నూఱు గ్రాముల కట్టయ్యెను. ఆ కథ మన పిల్ల లందఱు విన్నదే. అయితే ఆ కట్టులోని మర్మము ఆ పిల్లల యెముకలలోనే యున్నదని మేము తలంపలేదు.

తరువాతి నమూనా అసలుదానికి దగ్గఱగా నుండవలెనని, కిటికీల సందులు మూయు నురుగును లోపల నింపి, పైన ఎపాక్సీ రెసిను పూసి, గాజునారయు పట్టుపోగులును గాయపుకట్టువలె చుట్టితిమి. గాజునార గఱగఱకు మా చేతులు రెండు దినములు దురద పెట్టెను. చూచుటకు ముచ్చటగా నుండెను. బిందె తగిలించగనే అడుగున చుట్టునకు చుట్టునకు నడుమ చీలి, తేలికగా విఱిగెను. మా పిల్ల మొగము చిన్నబోయెను.

మఱుసటి యాదివారము పోగులకై మరల ధర్మవరము పోయినపుడు ఆ విఱిగినదానిని వెంట తీసికొనిపోతిమి. ఆ నేతగాడు గుంటమగ్గములో నుండి లేవకయే దానిని త్రిప్పి చూచి, "అంతా పేకే వేసినావు కదమ్మా. పడుగు ఏదీ? లాగుడంతా మోసేది పడుగే" అనెను. బడిలో ఎనిమిదవ తరగతి దాటని మనిషి. మా పిల్ల మాఱుమాటాడక కొంతసేపు మగ్గమునే చూచుచు నిలిచెను. పుస్తకములలో నున్నదే యీ సంగతి. కాని యామెకు అంతవఱకు అంకెగానే తెలియును. మనుష్యుని గట్టియెముకను పొడవునా నొక్కినచో చదరపు మిల్లీమీటరునకు సుమారు 17 కిలోల నోర్చును. పొడవునా లాగినచో సుమారు 13. అడ్డముగా లాగినచో అయిదింటికే చీలును. ఎముకకును పడుగు కలదు. అది నిడుపున సాగినది. వంగినపుడు ఒకప్రక్క నొక్కుడు, ఒకప్రక్క లాగుడు. నొక్కుడును రాయి కూడ ఓర్చును. పెనుకొండ గగనమహలు రాతికంబములు నిలిచి యిన్ని శతాబ్దములైనది, అవి నొక్కుడునే మోయుచున్నవి గనుక. కంబముల నడుమ పఱచిన రాతిదూలము పగిలినచో అడుగునుండియే పగులును.

తొడయెముక మెడలో ఈ పడుగు మఱింత వింతగా నమరినది. 1866 ప్రాంతమున జ్యూరిచ్ నగరములో మేయరను శరీరశాస్త్రజ్ఞుడు ఎముకను నిలువున కోసి లోపలి సన్ననిదూలముల వంపులను చూపగా, కుల్మన్ అను నింజనీరు అవి తన బరువులెత్తు యంత్రపు చేతిలో నొక్కుడు లాగుడుల దారులే యని గుర్తించెను. బరువుబట్టి యెముక తన్ను తాను తీర్చుకొనునని వోల్ఫను జర్మనువైద్యుడు 1892లో గ్రంథమే వ్రాసెను. నడచునపుడు తుంటిపై పడు బరువు దేహభారమునకు సుమారు రెండున్నర రెట్లని, కృత్రిమపుతుంటిలో కొలతసాధనముల నమర్చి బెర్లినులో కొలిచియున్నారు. అనగా నలువదిరెండు కిలోల మా తల్లి వేసిన ప్రతియడుగున నూఱుకిలోలకు పైన. ఆమె నెత్తిపై బిందె సంగతి వేఱు.

పడుగు నిడుపున వేసి, పైన పలుచగా పేక చుట్టిన నమూనా రెండు బిందెలు మోసి, మూడవదానిని సగము నిండువఱకు ఓర్చెను. ఆ దినము మేనత్తయే చెంబు లందించెను.

ఇక్కడితో ప్రాజెక్టునకు చాలియుండెడిది. కాని మా పిల్ల తాతనుండి వచ్చిన మొండితనము గలది. "ఇది గొర్రె ఎముక. వాషన్‌వాళ్లది ఆరడుగుల మగమనిషి ఎముక. జేజి ఎముక ఎక్కడుంది?" అనెను. మా పెనుకొండ యెఱ్ఱమంచిలో 2019నుండి కార్లు తయారగుచున్నవి గనుక కార్లమాట మా యిండ్లలో తఱచు వచ్చును. కారును గోడకు కొట్టించి చూచునపుడు అందు కూర్చుండబెట్టు బొమ్మలలో మిక్కిలి వ్యాప్తి చెందినది 1976లో అమెరికాలో తయారైన నడితరపు పురుషుని బొమ్మ. స్త్రీకై చేసిన బొమ్మ చాలవఱకు ఆ పురుషునే కుదించి చేసినది. కుదించినంతమాత్రాన పురుషుడు స్త్రీ యగునా? మన యిండ్లలో ఆడుపిల్లకు అన్న చొక్కాయను కత్తిరించి తొడిగినట్లున్నది.

మా తల్లి యెక్స్‌రేలు పెట్టెలో నున్నవి. వానిని వాడుకొనుటకు ఆమె నడిగితిమి. "అడిగేదేముంది, అవి నా బొమ్మలే కదా" అనెను. మఱల, "వంకర వంకరగానే చేయండి. తిన్నగా చేసి నాదనవద్దండి" అని చెప్పెను. బొమ్మలలోని కొలతలనుబట్టి బంకమన్నుతో తీర్చి, అచ్చు తీసి, ఒకే యాకారములో రెండెముకలు చేసితిమి. మొదటిదానిలో పడుగు నిడుపుగా నున్నది. రెండవదానిలో పెంకు మందము, రెసినులో సుద్దపొడి యెక్కువ, పోగులు తక్కువ, అవియు దిక్కులేక చెదరినవి. ఫ్లోరైడు చేరినచోట పుట్టు క్రొత్తయెముక వరుసతప్పి యల్లుకొనునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. చెడిన మగ్గముపై నేసిన బట్టవలె. చేతబట్టి చూచినచో రెండవదియే బరువు, రెండవదియే తెలుపు. ఎవరిని ఏరుకొమ్మన్నను దానినే యేరుకొందురు.

ఎముక కాండమును డబ్బాలో సిమెంటుతో నిలిపి, గుండుపై మీటకఱ్ఱ నానించి, కొసన గంప కట్టి ఇటుక లొక్కొక్కటిగా నుంచితిమి. మొదటిది మూలుగుచు, వంగుచు, చాలసేపు హెచ్చరించి పిదప చిట్లెను. రెండవది మూలుగలేదు. దానికంటె నాలుగిటుకలు తక్కువగా నుండగనే, మా పిల్ల ఇంకొక యిటుకకై వంగియుండగా, టప్పుమని మెడవద్ద తెగిపడెను.

వసారాలో మంచమునుండి మా తల్లి, "అదేనే పాపా. ఆ పొద్దు గడపలో నాకు ఇనపడిన చప్పుడు అదే. మీరెవరూ నమ్మలేదు. పడినాక ఇరగలేదు, ఇరిగినాకనే పడినా" అనెను.

ఆమె యీ మాటను మూడేండ్లుగా చెప్పుచునే యుండెను. ముసలితనపు మాట యని మేము వినలేదు. పెళుసుబాఱిన తుంటి కొందఱిలో పడకమునుపే విఱుగుట కలదని వైద్యు లెఱుగుదురు. గడప కడ్డముగా నీళ్లు చల్లినదని ఆనాడు మేము మా యింటి యాడవారిపై కోపపడితిమి. ఆ కోపమునకు ఎవరును మమ్ము క్షమాపణ యడుగలేదు, మేమును చెప్పికొనలేదు. ఇప్పుడు వ్రాయుచున్నాము.

మా పిల్ల విఱిగిన ముక్కను తెచ్చి ఆమె చేతిలో నుంచి, "కానీ జేజీ, దీంతో ఏమీ తేలలేదు. పుస్తకంలో ఎట్లుందో అట్లే చేసినా, అట్లే విరిగింది. నేను పెట్టిన లోపమే నాకు కనపడింది. నిజంగా నీ ఎముకలో పోగు ఎట్లుందో నాకు తెలీదు" అనెను. సత్యమే. విఱుగుట చేతనైన నమూనా చేయుట యొకటి. ఒక మనిషి యెముకకు సరియైన నమూనా చేయుట వేఱొకటి. మా ప్రాంతపు ఎముక నెవరైన కొలిచిననే గదా దానికి నమూనా చేయుట.

"మరి తెలియాలంటే?"

"నిజమైన ఎముక కావాల. ఆ నీళ్లు తాగినవాళ్లది."

మా తల్లి ఆ తెగినచోటును వ్రేలితో తడవుచు, "నాది తీసుకోండి. నేను పోయినంక" అనెను. మేనత్త, "వదినా!" అని లేచి నిలిచెను. తరువాత చాలసేపు పెరటిలో మాటలేదు. అస్థిపంజరమునకు ముద్దుపేరు పెట్టి నవ్విన మేము, సంస్కరణములను గూర్చి సభలలో మాటలాడిన మేము, అమ్మ దహనము లేకపోవుట యను నొక్కమాటకు తడబడితిమి. ఎవరి యెముక యని యింతకాలము అడిగినదానికి ఉత్తరము మా వసారాలోనే దొరకినది; పుచ్చుకొనుటకే చేతులు రాలేదు.

ఆమె మాట మార్చుకొనలేదు. మూడు వారములలో రెండు మాఱు లడిగితిమి, రెండవమాఱు విసుగుకొనెను. ఒక వైద్యకళాశాలనుండి దేహదానపు కాగితము తెప్పించితిమి. ఎముక బలము కొలుచుటకే దానిని వాడుదురను మాట వా రీయలేదు. విద్యార్థుల చదువునకు పనికివచ్చునని మాత్రము చెప్పిరి. మా పిల్ల అందుకు కొంచెము నొచ్చుకొనెను. మా తల్లి, "పిల్లలు చదివితే చాలదా?" అని వ్రేలిముద్ర వేసెను. సాక్షులుగా దగ్గఱి బంధువుల యిద్దఱి సంతకములు కావలెను. ఒకటి మేము చేసితిమి. రెండవది మా తమ్మునిది. విషయము ఫోనులో చెప్పగా వచ్చి మాటలాడెద నన్నాడు, ఇంకను రాలేదు. కాగితము ఎక్స్‌రేలపెట్టెలో నున్నది. మేనత్త ఆ పెట్టెపై దీపము పెట్టుట మానినది, మరల పెట్టినది.

మా పిల్ల మఱి మూడు జతలు చేయవలెననుచున్నది; ఒక్క విఱుపు పరీక్ష కాదట. ఈ యాదివారము పోగులకు ధర్మవరము పోవలెను.